బావి కాడి రీలు

హలో… భానూ? ఆ, నేనే, వనజను. తార్నాక ఎస్టీడీ బూత్ నుంచి.

లేదు, గుడిసెలు తీసేసుడు మీది విచారణ ఇంకా అయిపోలే. తిండికి ఆపిండ్రు, మూడింటికి మళ్ల కూసుంటరు… ఆ, నువ్వు తెచ్చిన పాత రీలు టీవీల చూపెట్టిండ్రు. ఆఫీసర్ నమ్మిండు. క్యాంపస్ గోడ వెనుక ముప్పై ఏండ్ల కిందనే బస్తీ ఉన్నదని రాసుకున్నడు.

సంతోషమే… కాని ఒకటి అడుగుత. గా పాత రీలు నీకు ఎవరిచ్చిండ్రు?

…మౌలాలి ఎంకన్ననా? మొన్న సీతాఫల్‌మండి ఉమాపతి అన్నవు కద.

…సరే, మర్చిపోయినవనుకుందాం. అసలు రీలు ఏడున్నది? టేపు మీదికి ఎక్కించినంక ఖరాబైందా… మొత్తమా?

భానూ, పోయిన నెల బస్తీల డిజిటల్ కెమెరాతోని నేను తీసిన కేసెట్ నీ కాడనే ఉన్నది. మన క్యాంపస్ ల్యాబ్‌ల కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, వీడియోను సినిమా రీలు లెక్క చేస్తదని నువ్వే చూపెట్టినవు. గీతలు, మచ్చలు, వెలిసిన రంగులు…

ఉత్త అనుమానం కాదు. బావి కాడ పిల్ల నీళ్లు చేదేటప్పుడు బొమ్మ ఓసారి పక్కకు ఒరుగుతది. గోడెక్కి తీస్తుంటే నా కాలు జారింది అప్పుడే. గా పిల్ల బస్తీల ముసలామె బుచ్చవ్వ మనుమరాలు, మన భూమిక.

…

నా కేసెట్‌నే పాత రీలు లెక్క చేసినవు కద?

…మంచికే చేసినవు, నాకు తెల్సు. వాళ్లు నిజంగనే ముప్పై ఏండ్ల సంది ఉన్నరు. గందుకే భయమైతున్నది. రేపు ఇది దొంగ రీలని తేలితే, బుచ్చవ్వ చెప్పే నిజం ఎవరు నమ్ముతరు?

…ఎవరికీ తెల్వదా? టీవీల మనుమరాలిని చూసి బుచ్చవ్వ ఏమన్నదో తెల్సా… 'ఇది నేనే బిడ్డా, పెండ్లయిన కొత్తల' అని ఏడ్సింది. ఆమెకు అప్పటి ఫోటో ఒక్కటి గూడ లేదాయె.

…నువ్వు గూడ ఏడుస్తే ఏం లాభం.

లేదు, ఆఫీసర్‌కు ఇంకా చెప్పలే. ముందు ఆమెకే చెప్పిన. గిప్పుడే, గీ బూత్ బయట… విన్నంక లేసి చీర దులుపుకున్నది. 'పా బిడ్డా, గా బొమ్మ తీసెయ్యమందాం. బావి తవ్వినోళ్లల్ల నేనొకదాన్ని. నా నోటితోని నేనే చెప్త' అన్నది.

…ఏమో, నమ్ముతరో లేదో.

నువ్వు వస్తవా?

…వద్దు, సారీ నాకు చెప్పకు. ఆమెకు చెప్పు. రిసీవర్ ఇస్తున్న…

అవ్వా, దా. భాను.