చిన్న డబ్బాలో బుస

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం, భర్తకు చెవులు పోతున్నాయేమోనని. బేస్ గిటార్ వైరును రికార్డింగ్ మిషనుకు కలిపే డైరెక్ట్ బాక్సులు రెండు అతని ముందున్నాయి. నచ్చనిది సాయంత్రంలోగా షాపులో తిరిగిచ్చేయాలి.

“ఏది ఉంచుకుందామండీ?”

“రెండూ ఒకటే. చిన్నది చాల్లే.”

“హెడ్‌ఫోన్లు ఓసారి ఇటివ్వండి. ఈ చిన్నదాంట్లో బుస్సుమంటోంది కదా?”

“పామేమైనా దూరిందేమో చూడు.”

“వేళాకోళం చాలు. పెద్దదాంట్లో ఆ బుస లేదు.”

“డబ్బాల సంగతి నీకేం తెలుసే?”

“తెలీదు. బుస మాత్రం తెలుస్తుంది. ఇవి మళ్ళీ పెట్టుకుని కళ్ళు మూసుకోండి, నేను వైరు మారుస్తాను. ఏది ఏదో మీరు చెప్పండి.”

“ఓస్, అంతేనా! ఇది పెద్దది.”

“ఇప్పుడు?”

“చిన్నది. చూశావా, ఇట్టే చెప్పేశాను!”

“నేను వైరు ముట్టుకోనే లేదండీ. రెండుసార్లూ చిన్నదే.”

“పొద్దుట్నుంచీ వాయించి అలిసిపోయాను. అంతే.”

“సరే, హెడ్‌ఫోన్లు తీసేయండి. మీ వెనకాల పాప కీచుబొమ్మ ఎంతసేపట్నుంచి నొక్కుతోందో చెప్పండి.”

“ఏ బొమ్మ?”

అతను వెనక్కి తిరిగాడు. పాప బొమ్మను నొక్కుతూ అతన్ని చూసి నవ్వింది.

“ఎప్పట్నుంచండీ ఇలా?”

“స్టూడియోలో ఎవరికీ చెప్పకే. పనిలోకి పిలవరు.”

“చెప్పను. చొక్కా వేసుకోండి. ముందు చెవుల డాక్టరు, తర్వాతే షాపు.”

మీ ఇంట్లోనూ వాయించే మనిషి ఉంటే, ఈ పూటే వెనకనుంచి ఒకసారి మెల్లగా పిలిచి చూడండి.