ముంచని పుల్ల

ఒసాకాలో టవరు కింది సందు, మధ్యాహ్నం పన్నెండున్నర. తోమె పిన్ని కుషికాత్సు కొట్టులో బల్ల దగ్గర సవాకో, ఆమె అన్న కునిహికో పక్కపక్కన కూర్చున్నారు. పుల్లకు గుచ్చి వేయించిన ముక్కను, అందరికీ ఉమ్మడిగా పెట్టిన సాసు తొట్టిలో ఒక్కసారే ముంచాలి. కొరికిన ముక్కను మళ్ళీ ముంచారా, పిన్ని చేతిలో అయిపోయారే. నాలుగు నెలలుగా తప్పించుకు తిరుగుతున్న అన్నను సవాకో ఈ పూట ఎలాగో పట్టుకుంది.

“మాట మార్చకు అన్నయ్యా.”

“ఎక్కడ మార్చాను? ఉల్లిపాయ పుల్ల చల్లారిపోతోందంటున్నా, అంతే.”

“చల్లారనీ. డాక్టరు ఏమన్నాడో విన్నావా అసలు?”

“విన్నా.”

“ఏం విన్నావు, చెప్పు.”

“అదే... చెయ్యి...”

“ఎడం చెయ్యి ఎప్పుడో అయిపోయింది. కుడి చేతిలో నరం కూడా రెండుసార్లు మూసుకుపోయింది. ఇక డయాలసిస్‌కి సూది గుచ్చే చోటు లేదన్నాడు. కిడ్నీ దొరక్కపోతే వచ్చే వేసవి దాకా నమ్మకం లేదన్నాడు. ఆ మాట నా మొహం మీదే అన్నాడు.”

“పిన్నీ, కౌజుపిట్ట గుడ్లు రెండు పుల్లలు వెయ్యి.”

“అన్నయ్యా.”

“తిను ముందు. ఎంత చిక్కిపోయావో చూసుకున్నావా?”

“వేస్తున్నా, వేస్తున్నా. ఏరా కునీ, సాసు నీ ముందే పెట్టానుగా, ముట్టవేం? పదేళ్ళప్పుడు కొరికిన రొయ్యని మళ్ళీ ముంచి నా చేత తన్నులు తిన్నవాడివి. మీ నాన్న పక్కనుండగానే వీపు మీద ఒక్కటిచ్చాను.”

“ఇప్పటికీ మండుతోంది పిన్నీ.”

“మరి ముట్టవేం? నా సాసు బావులేదా?”

“బావులేకేం. సాసంతా ఉప్పేగా, సవాకోకి పడదు. దాని ముందు నేనెలా ముంచుకు తింటాను? తోడుగా ఉందామని.”

“నాక్కావలసింది ఆ తోడు కాదు. పరీక్షకి రా, చాలు. రక్తం తీసుకుంటారు, స్కానింగ్ చేస్తారు, అంతే. నీది సరిపోదంటే ఆ మాట విని ఊరుకుంటా, ఒట్టు.”

“చూద్దాం.”

“మార్చిలో అడిగినప్పుడూ చూద్దామనే అన్నావు. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. అమ్మకి డెబ్బై ఎనిమిది, వద్దన్నారు. మా ఆయనది సరిపోలేదు. ఇంకెవరున్నారు నాకు? నాన్న కిడ్నీలు పాడై, ఒళ్ళంతా ఉబ్బిపోయి ఎలా పోయాడో ఇద్దరం చూశాం. నేనూ అలాగే పోవాలా?”

“అలా అనకు.”

“మరెలా అనమంటావు? కాళ్ళు పట్టుకోమంటే ఇక్కడే పట్టుకుంటా. పిన్ని చూస్తే చూడనీ, జనం చూస్తే చూడనీ.”

“లే సవాకో. లే. నీకు దణ్ణం పెడతా, లేచి కూర్చో.”

“భయమా? కోస్తారని భయమా?”

“కాదు.”

“మరి? వదిన వద్దందా?”

“...ఆఁ.”

“వదినే వద్దందా?”

“అవును, అదే వద్దంది. పిల్లలు చిన్నవాళ్ళు, నీకేమన్నా అయితే మా గతేంటి అంది. నేనేం చెయ్యను?”

“అనుకున్నా. పోయినేడు ఆస్పత్రిలో నా మంచం పక్కన కూర్చుని ఏడ్చిందంతా నటనే అన్నమాట. తిన్నగా నా దగ్గరకొచ్చి చెప్పమను, ఆ మాట. నువ్వు చచ్చినా పరవాలేదు, నా మొగుడు మాత్రం...”

“ఆ పిల్లని ఏమీ అనకే సవాకో. మొన్న మంగళవారం నీ కోసమే వచ్చి గంటసేపు నిలబడింది నా పొయ్యి దగ్గర.”

“నా కోసమా?”

“పిన్నీ, నూనె మాడుతున్నట్టుంది చూడు.”

“నా నూనె సంగతి నాకు తెలుసు, నువ్వుండు. పిండిలో ఉప్పు వేస్తావా, మాంసానికి పట్టిస్తావా, అసలు ఉప్పే లేకుండా వేయించి ఇవ్వగలవా, ఒకటే ప్రశ్నలు. చీటీ మీద రాసుకుపోయింది. నీ కోసం కాక ఎవరికోసం? ఉప్పు పడనిది నీకేగా. ఇప్పుడు మీరు తింటున్నవన్నీ అలా చేసినవే.”

“మంగళవారమా?”

“మంగళవారమే. కాబేజీలు దింపుతుంటే వచ్చింది.”

“నేను అన్నయ్యని ఇక్కడికి రమ్మన్నది నిన్న పిన్నీ. అదీ నిన్న ఏ కళనున్నాడో ఫోన్ ఎత్తాడు కాబట్టి. నేనొస్తానని వదినకి మంగళవారం ఎలా తెలుసు?”

“ఏమోనమ్మా. నాకు నీ పేరు చెప్పలేదు, నేనే అనుకున్నా.”

“అన్నయ్యా.”

“గుడ్లు వచ్చాయి. వేడిగా తిను.”

“ఆ పుల్ల సాసులో ముంచు.”

“వద్దులే.”

“ముంచు. నాకు తోడు అక్కర్లేదు. నా కళ్ళ ముందు ఒక్కసారి ముంచి తిను. లేచి ఇంటికి పోతా. ఇంక కిడ్నీ మాటే ఎత్తను.”

“సవాకో...”

“ముంచవేం?”

“నువ్వడిగిన వారమే పరీక్షకి వెళ్ళాను. మీ వదినే దగ్గరుండి తీసుకెళ్ళింది. అన్నీ కుదిరాక నీ దగ్గరకొచ్చి చెబుదామనుకున్నాం.”

“వెళ్ళావా? మరి సరిపోలేదన్నారా? అంతేగా? సరిపోలేదన్నారు, నాకు చెప్పడానికి నోరు రాలేదు. అంతేగా అన్నయ్యా?”

“పిన్ని ఒక్కసారి ముంచుకోమంటుంది. డాక్టరు నాకు ఆ ఒక్కసారి కూడా వద్దన్నాడు. నాన్న జబ్బే నాకూ వచ్చిందట.”