ఏడు ఒకట్లను విడగొట్టిన మా అక్క

ఏదీ, ఆ ఫోను పక్కన పెట్టి కాగితం మీద ఏడు ఒకట్లు వరసగా వెయ్యి తల్లీ. ఆ, పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. మూడుతో భాగించు. ఒకటి మిగిలిందా? ఏడుతో? మళ్లీ ఒకటే! పదకొండు, పదమూడు, ముప్పై ఏడు, దేనితో చూసినా ఒకటే మిగులుతుంది. ఆరు ఒకట్లున్నంతవరకూ ఈ అయిదింటికీ బుద్ధిగా లొంగినదే, ఇంకొకటి చేరేసరికి మొండికేసింది చూశావా! నాకెలా తెలుసంటావా? నాకేం తెలుసు, నా మొహం! లెక్కల్లో నేను గట్టెక్కిందే మా అక్క చలవ.

అక్క ఆడపిల్లల బళ్లో లెక్కల టీచరు. మాటకి ముందు "శేషమెంత?" అనేది కదా, పిల్లలు చాటుగా శేషం టీచరనేవాళ్లు. ఓసారి క్లాసులో ఓ పిల్ల లేచి, "ఏడు ఒకట్లు ఇంక దేనికీ పోవా టీచర్?" అందిట. "చూసి చెప్తానే" అంది అక్క. ఆ వారంలోనే కళ్లకి పరదా దించినట్టయింది. ఆపరేషను చేసి, రెండు కళ్లకీ కట్టు కట్టి, తలకి అటూ ఇటూ ఇసక మూటలు పెట్టారు. "కదలకుండా ఉంటే ఆశ ఉంది" అన్నాడు డాక్టరు. అక్కేమో ఒక్క నిమిషం కుదురుగా కూచోని మనిషి! నేను సెలవు పెట్టి మంచం పక్కనే ఉన్నా. తనకి ఏడుపొస్తే ఏడవడానికి కూడా లేదు, "కట్టు తడుస్తుందమ్మా" అని నర్సు కోప్పడేది. అదిగో, అప్పుడు పట్టుకుంది ఆ సంఖ్యని. "ఒరే, దీన్ని విడగొట్టే ప్రధానసంఖ్య ఏదైనా సరే, ఏడుతో భాగిస్తే ఒకటే మిగలాలిరా. మిగతావన్నీ వదిలెయ్యొచ్చు" అంది. ఎందుకో కూడా చెప్పింది, నా బుర్రకెక్కలేదనుకో. ఇరవై తొమ్మిది, నలభై మూడు, డెబ్భై ఒకటి... ఒక్కొక్కటీ నోట్లోనే గొణుక్కుంటూ భాగించేది. నర్సు నన్ను పక్కకి పిలిచి, "మీ అక్కగారికి భక్తి ఎక్కువండీ, అస్తమానూ జపమే" అంది!

ఓ మధ్యాహ్నం ఉన్నట్టుండి, "మిగిలింది రెండు వేల నూట యాభై ఒకటి... తొమ్మిది సార్లు పోయింది... ఒరే, శేషం లేదురా!" అని లేవబోయింది. రెండు చేతులతో తల అదిమి పట్టుకుని, "కదలకే అక్కా, చూపు పోతుందే!" అన్నా. "పోతే పోయింది, ముందు గుణించు! రెండు వందల ముప్పై తొమ్మిది, నాలుగు వేల ఆరు వందల నలభై తొమ్మిది!" మందుల చీటీ వెనకాల గుణించా. ఏదో పిచ్చి సంఖ్య వచ్చింది, అదే పైకి చదివా. "చేతిలో ఉన్నది కలపలేదురా వెధవా, మళ్లీ చెయ్యి" అంది, చూడకుండానే! నిజంగానే కలపలేదు. రెండోసారికి ఏడు ఒకట్లూ సైనికుల్లా నిలబడ్డాయి. నేను పెట్టిన కేకకి వార్డంతా లేచింది.

కట్టు విప్పాక ఒక కంటికి చూపు రానే లేదు. రెండోదానికి కాస్త మసకగా వచ్చింది. ఆ మసకతోనే మళ్లీ బడికెళ్లి, అరచేయంత అంకెలు బోర్డు మీద వేసి, ముందు ఆ పిల్లకి జవాబు చెప్పింది. రిటైరయ్యేదాకా ఆ బళ్లోనే చేసింది, ఏమనుకున్నావ్! తర్వాతెప్పుడో నేనో పుస్తకంలో చూశా, ఈ సంగతి ఎవరో ఎప్పుడో కనిపెట్టేశారట. చెప్పాలా వద్దా అని చాన్నాళ్లు నలిగి, చివరికి చెప్పేశా. నవ్వేసింది. "అయితే ఏంరా? నాకెవరూ చెప్పలేదుగా!" అంది. ఎంత దర్జాగా అందనుకున్నావ్...

సరేగానీ, మీ అమ్మ ఎన్నింటికొస్తానంది?