రుటీలియా మూడు రాత్రులు

రుటీలియా అని ఒకావిడంట, రోము పట్నంలో. అప్పటికింకా ఆ ఊరికి చక్రవర్తులు రాలేదు, పెద్దమనుషులే ఏడాదికో ఇద్దరు మారతా ఏలుకునేవోళ్ళంట. ఈవిడకి పెళ్ళప్పుడు నాన్న ఓ ఆలివ్ తోట ఇచ్చాడు. ఆ చెట్లంటే ఆవిడకి ప్రాణం. ఇప్పుడు అక్కడి కట్టుబాటు ఏందంటే, మాటలాపి వినండి, ఆడది ఏడాది పొడుగూతా మొగుడింట్లోనే ఉందనుకో, ఆవిడా ఆవిడకున్నదీ అంతా మొగుడి చేతికిందకి పోద్ది. అదే ఏడాదిలో వరసగా మూడు రాత్రులు బయట పడుకుందనుకో, ఎవరి తోట వాళ్ళదే. అందుకని ఈవిడ ఏటా మూడు రాత్రులు పుట్టింటికి పోయొచ్చేది.

మొగుడి పేరు స్పూరియస్. మంచోడే, కాకపోతే ఆ తోట మీద కన్ను. ఆ ఏడు ఏమైందంటే, చుట్టాలనీ, గానుగ పనులనీ, అత్తకి జొరమనీ, పుట్టింటి ప్రయాణం ఇట్టా జరిగీ జరిగీ, ఏడాది నిండటానికి సరిగ్గా మూడు రాత్రులే మిగిలినయ్. పొద్దు వాలకముందే పోవాలని రుటీలియా మూట కట్టింది. స్పూరియస్ చూశాడు, మంచమెక్కాడు. అబ్బా కడుపు, అమ్మా కడుపు, నేను పోతన్నానే, నన్నిట్టా వదిలిపోటానికి నీకు మనసెట్టా ఒప్పిందే అని ఒకటే దొర్లటం. ఆవిడ గుమ్మంలో మూట పట్టుకుని నిలబడిపోయింది. పోతే మొగుడేమైపోతాడో, ఉంటే నాన్న నాటిన చెట్లు పోతాయి. ఏడుపొచ్చేసిందంట పాపం. ఏమయ్యా, నిజంగా అంత నొప్పా అంటే, నిజమేనే, పొద్దుట్నించి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు అన్నాడు.

అప్పుడు వంటింట్లోంచి అత్త మినూసియా వచ్చింది. ఏరా, మంచినీళ్ళు ముట్టనోడివి, నేను తేనె పోసి దాచిన జున్ను సగం ఎవడు తిన్నాడ్రా, నీ గడ్డానికి ఆ తేనేంట్రా అంది. వీడు గబుక్కున గడ్డం తుడుచుకున్నాడు. చూశారా వెధవ పని! అత్త కోడలి వైపు తిరిగి, నువ్వు నడువమ్మా అంది. నాకూ ఉండేవే, మా నాయనిచ్చిన ఇరవై మేకలు. ఏడాది నిండే ముందు మీ మావ కాలు బెణికిందని మంచమెక్కాడు. పిచ్చిదాన్ని, నూనె రాస్తా కూచున్నా. గడువు దాటిన తెల్లారే లేచి, నా మేకల్ని తోలుకుని సంతకి చక్కగా నడిచిపోయాడే, అంది.

రుటీలియా కళ్ళు తుడుచుకుని బయల్దేరింది. వీధి మలుపు దాటిందో లేదో, వెనకాల ఎవరో రొప్పుకుంటా వస్తన్నారు. చూస్తే అత్త, చంకలో మూట. అదేంటత్తా, నువ్వు ఇప్పుడొస్తే మాత్రం నీ మేకలు తిరిగొస్తాయా అందంట. ఎందుకొస్తాయే, పోతే పోయినయ్, నలభై ఏళ్ళయింది నేను ఆ ఇల్లు దాటి పడుకుని, మీ అమ్మ చేతి కూడు మూడు రోజులు తినొస్తా పద, అంది. ఇద్దరూ నవ్వుకుంటా పోయారు. తోట దక్కింది.

ఈ కథ ఇంట్లో ఆడాళ్ళ ముందు చెప్పకూడదబ్బాయ్. నేనోసారి చెప్పా. మా ఆవిడ అంతా విని, "మూడేనా?" అంది.