పెద్దమ్మ పడుకున్న మంచం

"నేనేమీ గొప్ప చెప్పుకోను రా. చేసింది చిన్న పని. గుంటూరు పోతిని, ఒక మంచం మీద పడుకొంటిని, లేచి వస్తిని. అంతే."

అప్పాసామి ఇలా మొదలుపెట్టాడంటే మాకు భయం. ఆయన చిన్న పని అన్నది ఏదీ పొద్దుగుంకే లోపల ముగియదు. అప్పుడు ఆయన కూర్చున్నది కూడా మంచం మీదే. కరుప్పసామి టీకొట్టు ముందర, బస్సు ఆగే చోట, విరుదునగర్‌లో కొన్న కొత్త టేకు మంచం. వ్యాను డ్రైవరు దాన్ని అక్కడ దించి, "ఊళ్లోకి మాత్రం నేను రాను సామీ" అని వెళ్లిపోయాడు.

వాడి తప్పు లేదు. మా ఊళ్లో ఎవరూ మంచం మీద పడుకోరు. మా పెద్దమ్మతల్లికి గుడి లేదు, గద్దె లేదు, నల్లరేగడి మీద ఊరకే కూర్చుని ఉంటుంది. తల్లి నేల మీదుంటే బిడ్డ మంచమెక్కుతాడా? బెంచీ మీద కూర్చోవచ్చు, నడుము వాల్చకూడదు. ముత్తాతల నాటి కట్టుబాటు.

రేపు అప్పాసామి కోడలు కార్తిక పసిబిడ్డతో విరుదునగర్ నించి ఇంటికి వస్తోంది. ఆపరేషన్ కాన్పు. కుట్లు మానేదాకా నేల మీద పడుకుని లేవడం కుదరదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మంచం ఊరి పొలిమేర దాటాలంటే పెద్దమ్మ పూజారి చెల్లదురై ఊ అనాలి. ఆ పెద్దాయన బెంచీ చివర, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని, టీ చల్లారబెట్టుకుంటున్నాడు. ఊ అనలేదు. ఊహూ అని కూడా అనలేదు. అందుకే అప్పాసామి కథ ఎత్తుకున్నాడు.

"నాకు అప్పుడు విరుదునగర్ మిరపకాయల మండీలో పని. లోడుతో గుంటూరు పోయి రా అని మొదలాళి, మండీ యజమాని, చెప్పె. లారీ డ్రైవరుకు దోవ తెలీదు. నేనే ముందర కూర్చొని, మిరప ఘాటు వాసన పట్టుకొని, 'ఎడమకు తిప్పు, ఈడ ఘాటు తగ్గుతా ఉండాది' అని చెప్పుకుంటా పోతిని."

"దోవ పొడుగునా బోర్డులు ఉంటాయి గదా మామా?" అన్నాడు సెందిల్‌కుమార్. శివకాశి ప్రింటింగ్ ప్రెస్సులో పని వాడికి. సెలవు రోజున వాడికి వేరే పని లేదు, ఈ మామను ఆటపట్టించడమే.

"ఆ బోర్డులు తెలుగులో ఉండాయి రా. అరవదేశంలో ఉండే మనకు తెలుగు మాట్లాడను వచ్చు గానీ చదవను వచ్చునా? అయినా ముక్కు ఉన్నవాడికి బోర్డు ఏంటికి? సరే, యార్డులో దిగితిని. మిరపకాయల గుట్టలు చూడవలె! మన కళుగుమలై కొండ ఉండాదే, అది వాటి ముందర చీమల పుట్ట. ఆడ కమిషన్ కొట్టువాళ్ల అవ్వ ఒకామె నాకు అన్నం పెట్టె. పరాయివాడినని చూడలేదు, పచ్చడీ నెయ్యీ వేసి కడుపారా పెట్టె. ఆ తల్లి యాడ ఉన్నా ఆమె చెయ్యి చల్లగా ఉండవలె. తిన్నాక వేపచెట్టు కింద నులక మంచం వాల్చి, 'పడుకో నాయనా' అనె. నేనేమి చేస్తిని? మర్యాదగా మంచం కిందికి దూరితిని."

"కిందికా!"

"మంచమే ఎరగనివాడికి పైన పడుకోవలెనా కింద పడుకోవలెనా అని ఎట్ల తెలుసును? నీడ కింద ఉండె, నేల కింద ఉండె, నేనూ కింద పడుకొంటిని. అవ్వ చీపురు కట్టతో పొడిచి బయటికి లాగె. మా పెద్దమ్మ కోపిస్తుందవ్వా అంటిని. ఏంటికి కోపం అనె. ఆమె నేల మీద ఉండాదవ్వా అంటిని. 'అయితే నువ్వు ఆమెకు సమానంగా నేల మీద ఎట్ల పడుకొంటివి? గొయ్యి తవ్వుకొని అందులో పడుకో' అనె."

కరుప్పసామి టీ పోస్తూ పోస్తూ ఆగిపోయాడు. "అవును గదా బావా?"

"అంత తొందరగా ఆమె పక్కం చేరొద్దు, నేనింకా ఓడలేదు! మా ముత్తాతలు చెప్పినారవ్వా అంటిని. ముత్తాతలు లారీ ఎక్కినారా, నువ్వు ఎక్కి వస్తివే అనె. నేను ఒకటంటే ఆమె రెండు. ఆ తరవాత ఏమాయెనో తెలుసునా? హమాలీలు మూటలు దించి చుట్టూ నిలబడిరి. వేలంపాట నిలిచిపోయె. మిరపకాయ దర పైకి పోవలెనా, కిందికి పోవలెనా తెలీక మద్దెలో ఆగిపోయె. పక్కన రైలు పోతా ఉండె. దాని డ్రైవరు తల బయట పెట్టి, 'ఎవరు గెలిచేటట్టు ఉండారు?' అని బండి నిలిపేసె. రైల్లోని జనమంతా దిగిరి. సగంమంది నా పక్కం, సగంమంది అవ్వ పక్కం."

"టికెట్టు లేనివాళ్లు?" అన్నాడు సెందిల్‌కుమార్.

"వాళ్లు మద్యస్తం. చివరికి అవ్వ ఒక మాట అడిగె. 'మీ ఊళ్లో చెట్లు ఉండాయా నాయనా?' యాడుండాయవ్వా, అంతా నల్లరేగడి, పత్తీ సజ్జలూ పండేది, మంచం కోడు చేసేటంత మాను లేదు, ఉండేది సీమ తుమ్మ, అదీ పొయ్యిలోకే అంటిని. ఆమె నవ్వలేదు. మెల్లంగా చెప్పె. 'కట్టె లేక మీ ముత్తాతలు నేల మీద పడుకొన్నారు. లేదని చెప్పుకోను సిగ్గుపడి అమ్మోరి మీద పెట్టినారు. తప్పు కాదు నాయనా, లేనిదాన్ని బక్తిగా చేసుకొని మానంగా బతికినారు. ఇప్పుడు కట్టె దొరుకుతా ఉండాది గదా, ఇంకా ఆ తల్లిని ఏంటికి చెడ్డ చేస్తారు?'"

చెల్లదురై పెద్దాయన కర్ర మీది నించి గడ్డం ఎత్తాడు. అప్పాసామి ఆయన్ని ఓరకంట చూసి, గబగబా కథను మరో మెట్టు ఎక్కించాడు.

"ఆ మాటకు నేను మంచం మీద వాలితిని. వాలితినో లేదో, మంచం నాలుగు కాళ్లా పరుగెత్తె! కృష్ణలో దిగి కాళ్లు కడుక్కొని దక్షిణానికి తిరిగె. తిరుపతి కొండ అడ్డం వస్తే ఎగిరి దాటె, ఆడ దర్శనానికి నిలబడినవాళ్లంతా తలలు వంచుకొనిరి. మదురైలో పోలీసు విజిల్ ఊదె, నాకు హెల్మెట్ లేదని."

"మంచానికి లైసెన్సు అడగలేదా?"

"ఎద్దుకు లైసెన్సు ఉండాదా? నాలుగు కాళ్లదానికి అడగరు రా. నేరుగా వచ్చి మన పెద్దమ్మ ముందర నిలిచె. నాకు ఒళ్లంతా చెమట. దిగను పోతిని. పెద్దమ్మ లేచి నిలబడి, దిగొద్దు అనె! 'ఎన్ని తరాలాయెరా ఈ రేగడిలో కూర్చొని, నడుము పట్టుకుపోయె. కొంచెం జరుగు నాయనా' అనె. జరిగితిని. పక్కన పడుకొనె. నేను కాళ్ల దగ్గర చేరి తువ్వాలుతో విసిరితిని. గురక పెట్టె చూడు, ఆ గురకకు కోవిల్‌పట్టి నించి శివకాశి దాకా మబ్బులు ఉరిమి వాన పడె. ఆ ఏడు పత్తి అంత బాగా ఎట్ల పండె? మీరంతా ఎరువు అనుకొంటిరి! లేచి ఏమనెనో తెలుసునా? 'మంచం వద్దని నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పినానని మీరే చెప్పుకొంటిరి, పిల్లలు గదా అని ఊరకుంటిని. నీ కోడలు వస్తే మంచం మీదనే పడుకోబెట్టు' అనె."

"మామా, అప్పటికి నీ కొడుకు కుమారవేల్ పలకా బలపం పట్టుకొని బడికి పోతా ఉండె. కోడలు యాడినించి వచ్చె?"

"దేవతకు ముందే తెలుస్తుంది రా!"

అందరం నవ్వాం. ఆ నవ్వులోనే చెల్లదురై పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఒరే అప్పాసామీ. నువ్వు గుంటూరు పోనే లేదు."

అందరం ఆయన వైపు తిరిగాం.

"ఆ లారీ విరుదునగర్ దాటక ముందే మూట జారి నీ కాలు మీద పడె. ఆస్పత్రిలో పండబెట్టిరి. అవ్వా లేదు, యార్డూ లేదు. నువ్వు అవ్వ అన్నది ఆడి నర్సు ముత్తుసెల్విని. మంచం కింద దూరిన నిన్ను చీపురుతో పొడిచి లాగింది నిజం. గొయ్యి తవ్వుకో అనింది నిజం. చెట్ల సంగతి అడిగిందీ ఆమే, అరవంలో అడిగె."

"నీకెట్ల తెలుసు పెద్దయ్యా?" అన్నాడు కరుప్పసామి.

"పక్క మంచం నాది."

అప్పాసామి, "వద్దు పెద్దనాయనా, ఇప్పుడేంటికి అదంతా" అని గొణిగాడు. పెద్దాయన వినలేదు.

"పళనికి మొక్కు తీర్చను పోతా ఉండానని మీకంతా చెప్పి పోతిని. పోయింది హెర్నియా ఆపరేషన్‌కు. పెద్దమ్మ పూజారిని, మంచం మీద ఎట్ల పడుకొందునని నేల మీదికి దిగితిని. కుట్లు తెగి నెత్తురు కారె. ముత్తుసెల్వి తిట్టె, వాదించె, ఏడ్చె కూడా. ఆమె అంత వాదించకపోతే నేను ఈ పొద్దు లేను. మేము పోయింది విరుదునగర్ దాకానే. దానికే మా కండ్లు తెరుచుకొనె. నేనే ఊరికి వచ్చి మళ్లీ మూసుకొంటిని."

అప్పాసామి తల దించుకుని తువ్వాలు మడుస్తున్నాడు. మడిచినదే మళ్లీ మడుస్తున్నాడు. ఆయన్ని మేం ఎప్పుడూ అలా చూడలేదు.

"వీడి నోట్లో నువ్వుగింజ నానదు. వీధిలో కోడి గుడ్డు పెట్టితే కోవిల్‌పట్టి దాకా చాటించి వస్తాడు. నా సంగతి మాత్రం ఇన్నేండ్లు పెండ్లానికి కూడా చెప్పలేదు. ఈ పొద్దు ఒక్క మాట, 'పూజారే పడుకొన్నాడు' అని ఉంటే, మంచం ఈపాటికి ఇంట్లో ఉండును. కోడలు కుట్లతో వస్తా ఉన్నా అనలేదు. నా పరువు కోసరం గుంటూరు పోయె, రైలు నిలిపె, పెద్దమ్మ చేత గురక పెట్టించె." పెద్దాయన కర్ర ఊతంగా లేచాడు. "నీకూ ఆ ముత్తుసెల్వికీ నేను రుణపడి ఉండాను నాయనా. లే. తలవైపు నేను పట్టుకొంటాను."

కర్ర సెందిల్‌కుమార్ చేతికిచ్చి, వద్దంటున్నా వినకుండా మంచం తలవైపు పట్టుకున్నాడు. మేం తలా ఒక కోడు పట్టాం. వాకిళ్లలో ఆడవాళ్లు చేతిలో పని ఆపి చూశారు. పెద్దమ్మ ముందరికి వచ్చేసరికి, దించమన్నాడు. పసుపు పూసిన ఆ నల్లరాతికి వంగి దండం పెట్టాడు. పెట్టి, ఊరంతా చూస్తుండగా మంచమెక్కి, మెల్లగా నడుము వాల్చాడు. మరీ ఓరగా, పట్టె మీద పడుకున్నట్టు పడుకున్నాడు.

"ఏంటికి పెద్దనాయనా అంత చివరికి? పడిపోతావు," అంటూ అప్పాసామి కాళ్ల దగ్గర చేరి తువ్వాలుతో విసిరాడు.

"తల్లికి నడుము నొప్పి అంటివి గదరా," అన్నాడు పెద్దాయన, పక్కన మిగిలిన చోటును అరచేత్తో దులుపుతూ.