తెలిసీ వేసిన తాళం

ఏం వదినా, తమ్ముడు పిలవగానే ఇలా పరుగెత్తుకొచ్చెయ్యడమేనా? ఏమీ తినకుండా, గుక్కెడు మంచినీళ్ళైనా తాగకుండా? కూర్చోండి ముందు. ఆయన బండి తుడిచి బయటికి తీసేసరికి ఎలాగూ పది నిమిషాలు పడుతుంది. ఆ రక్తపరీక్ష చీటీ ఇలా ఇవ్వండి. మీకు ఏ పరీక్షా అక్కర్లేదు.

అక్కర్లేదంటున్నానుగా. పిల్లకి ఈ థైరాయిడ్ మీ వైపు నుంచి రాలేదు.

నన్నలా చూడకండి. మీరలా చూస్తే చెప్పలేను. కిటికీ వైపు చూస్తూ వినండి.

ఏడాదిగా పిల్ల ఒళ్ళు చేస్తోంది. దాని స్కూలు చొక్కా మూడుసార్లు వదులు చేశాను. రోజంతా ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేదాన్ని, ఏ కుట్టులో ఎంత గుడ్డ ఉందో చేత్తో తడిమి చెప్తాను. దాని చొక్కాలో విప్పడానికి ఇక గుడ్డే మిగల్లేదు.

తెగ తింటోంది, కదలడం లేదు అని మీరూ అన్నారు, నేనూ అన్నాను. మీ తమ్ముడైతే ప్రతి ఆదివారం దాన్ని తూకం మిషన్ ఎక్కించి, బరువు క్యాలెండర్ మీద రాసేవాడు. చెడ్డవాడు కాదు, మీకు తెలుసుగా. భయం ఆయనకి. చివరికి తినేవి పెట్టే అలమారాకి తాళం వేశాడు. తాళంచెవి నా చేతికిచ్చాడు.

అది దొంగతనంగా ఏమీ తినలేదు వదినా. ఎండాకాలంలో దుప్పటి కప్పుకునేది. దువ్వెన నిండా జుట్టే. కూర్చున్న చోటే నిద్ర. నాకు మొదటి నెలలోనే అర్థమైపోయింది.

ఎలాగంటారేంటి? నాకూ ఉంది కాబట్టి. పదహారేళ్ళుగా.

పెళ్ళయిన నాలుగేళ్ళదాకా మాకు పిల్లల్లేరు, గుర్తుందా? ఒకరోజు అత్తయ్యగారు నన్ను అందరి ముందూ నిలబెట్టి, లోపం ఎవరిదో ఇవాళ తేలాలన్నారు. ఆయన లేచి, "లోపం నాదేనమ్మా. డాక్టరు చెప్పాడు" అన్నాడు.

ఏ డాక్టరూ చెప్పలేదు. అప్పటికి ఆయన ఆసుపత్రి గుమ్మమే ఎక్కలేదు. నన్ను ఆ గదిలోంచి బయటపడేయడానికి అన్న మాట అది.

తర్వాత మీరే కదా ఆయన్ని పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు కూడా ఆయనకి ఏదో కాస్త తక్కువుందన్నాడు. దాంతో తనాడిన అబద్ధాన్ని తనే నమ్మేశాడు. ఏడాది పాటు మందులు మింగాడు. షెడ్డులో తోటి మెకానిక్కులు 'స్టార్టవ్వని బండి' అని పేరు పెడితే నవ్వి ఊరుకున్నాడు.

ఆ ఏడాదే మా ఫ్యాక్టరీలో ఆడవాళ్ళకి ఆరోగ్య పరీక్షలు పెట్టారు. నా థైరాయిడ్ బాగా తగ్గిపోయిందనీ, పిల్లలు పుట్టకపోవడానికి అదే కారణం కావచ్చనీ అన్నారు. రోజూ పరగడుపున ఒక మాత్ర. అంతే. ఏడో నెలకల్లా నెల తప్పాను.

ఇంటిల్లిపాదీ ఆయన మందు పనిచేసిందన్నారు. షెడ్డులో ఆయన్ని భుజాల మీద మోశారట. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాడు. నా మూలంగా నువ్వు మాటలు పడ్డావు అని నాకే సర్దిచెప్పాడు.

అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. ఆ మొహం చూసి మింగేశాను. ఆ తర్వాత చెప్పడానికి నాకు మంచిరోజు దొరకలేదు, ఏమంటారు? మాత్రలు గుండీల డబ్బా అడుగున దాచుకున్నాను. గుండీల్తో మగవాడికేం పని?

ఇప్పుడు పిల్లకి థైరాయిడేమో చూపిద్దామంటే, నీకెలా తెలుసంటాడు. అక్కణ్ణించి ఒక్కో ప్రశ్నా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ ఆ గదిదాకా పోతుంది. అందుకని నోరు మూసుకున్నాను. ఒక సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చి, ఆకలేస్తోందమ్మా, ఒక్క బిస్కెట్టు ఇవ్వవా అంది. క్యాలెండర్ చూసొచ్చి అప్పుడడుగు అన్నాను. ఆయన కాదు, నేనే అన్నాను.

పోయిన నెల పరీక్ష రాస్తూ రాస్తూ పేపరు మీదే నిద్రపోయింది. వాళ్ళ టీచరమ్మ మమ్మల్ని పిలిపించి, ఇది బద్ధకం కాదండీ, డాక్టరుకి చూపించండి అంది. ఇద్దరం తీసుకెళ్ళాం. తల్లికి థైరాయిడ్ ఉందా అని డాక్టరమ్మ అడిగింది. నేను నోరు తెరిచేలోపు ఆయనే, "లేదండీ, మా ఆవిడ ఇనప మనిషి" అన్నాడు.

నేను నా సంచి జిప్పు తీస్తూ వేస్తూ కూర్చున్నాను. పిల్ల నన్నే చూస్తోంది.

రిపోర్టు వచ్చింది. ఏడాది నుంచీ ఉండి ఉంటుందంది డాక్టరమ్మ. ఆయన ఆ రోజే తాళం ఊడబీకాడు, క్యాలెండర్ చింపేశాడు. పిల్ల ముందు కింద కూర్చుని, నన్ను క్షమించు తల్లీ అన్నాడు. ఇదీ నా రక్తంలోంచే వచ్చుంటుంది అని పొద్దస్తమానం అదే మాట. అందుకే మీకు ఫోను. అందుకే ఈ చీటీ.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

మర్నాడు పొద్దున పిల్ల తన మాత్ర పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసింది. ఒకటి నా ముందు పెట్టి, "నీది వేసుకున్నావా అమ్మా?" అంది.

ఎప్పట్నించి తెలుసే అన్నాను. అలమారాకి తాళం పడ్డ వారమే, చొక్కాకి గుండీ ఊడిపోతే ఆ డబ్బా తీసిందట. మాత్ర పేరు చదివి, అదెందుకో వాళ్ళ టీచరమ్మని అడిగి తెలుసుకుందట.

"మరి ఇన్నాళ్ళూ నన్నెందుకు అడగలేదే?"

"నువ్వే చెప్తావేమోనని చూశాను."

కోపంగా కూడా అనలేదు వదినా. అని ఉంటే బావుండేది. నేనేం చేశానో తెలుసా? దాన్ని దగ్గరికి తీసుకోలేదు. తప్పయిందనలేదు. గుమ్మం వైపు చూసి, నాన్నకి చెప్పకే అన్నాను.

తలూపింది.

మీకు మాత్రం ఎందుకు చెప్పానంటే, నా మూలంగా మీ చేతికి కూడా సూది గుచ్చించడం చూడలేక. నాకున్న ధైర్యం అంతే. ఆయనకి చెప్తారో, మానతారో మీ ఇష్టం. నా నోటితో రాదు.

ఇప్పుడు పొద్దున్నే ఆయన లేచిన అలికిడి అయితే చాలు, నాకంటే ముందు పిల్లే ఆ డబ్బా మూతపెట్టి లోపలికి తోసేస్తోంది. వద్దే, నువ్వు దాచకు అందామని రోజూ అనుకుంటాను.

అనను.