భోజనాల దగ్గర ఆఫీసు మాటలు

ఏంటీ, నేను అడగలేదా? ఇంకోసారి అనండి ఆ మాట. నెమ్మదిగా అనండి, లోపల అత్తయ్యకి ఇప్పుడే కన్నంటుకుంది. మన వీధి చివర డిపోలోకి కరెంటు బస్సులు దింపుతున్నారా అని నేను మిమ్మల్ని అడగాలా? నాకేమన్నా కలొస్తుందా?

కట్టుకున్న పెళ్లాం కరెంటాఫీసులో ఇంజనీరు. మీరేమో బస్సుల ప్లానింగులో పెద్దాఫీసరు. ఒకే మంచం మీద పడుకుంటాం. ఆ బస్సులొచ్చిన సంగతి మాత్రం నేను కిటికీలోంచి చూసి తెలుసుకున్నాను. పైగా పొగ లేదు, చప్పుడు లేదు, ఎంత బాగున్నాయో అని మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

సాయంత్రం ట్రిప్పులు ముగించుకుని అన్నీ ఒక్కసారే వచ్చి ప్లగ్గులు పెట్టుకున్నాయి. సరిగ్గా అదే వేళకి వీధిలో ప్రతి ఇంట్లో పొయ్యి వెలిగింది. ఆ పొయ్యిలూ కరెంటువే కదండీ ఇప్పుడు. గ్యాసు మానెయ్యండి, పొయ్యి ఉచితం అని ఇంకో శాఖ వాళ్లు ఇంటింటికీ పంచిపోయారు. వాళ్లూ మాకు చెప్పలేదు. ఎవరికి వారే యమునా తీరే. మా ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఆ పాతదే. ఎంతని మోస్తుంది? కాలిపోయింది.

బస్సులు మంచివే. పొయ్యిలూ మంచివే. కాదన్నానా నేను?

ఇంట్లో అత్తయ్య ఊపిరి మిషన్ ఆగింది. లిఫ్టూ ఆగింది. మీకు ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నారు. ఏ మీటింగు? బస్సులు బ్రహ్మాండంగా నడుస్తున్నాయని మీకు శాలువా కప్పే మీటింగు. ఆవిణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేనూ వాచ్‌మనూ నాలుగంతస్తులు మోసుకుంటూ దించాం. మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని, "నీకు నడుం నొప్పి కదే" అంది. ఊపిరాడక పెదాలు నీలంగా అయిపోతుంటే, నా నడుం గురించి అడిగిందండీ. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఇప్పుడు ఏడుపు లేదు, ఒళ్లు మండిపోతోంది. రేపటిదాకా ఏమీ చెప్పలేనన్నాడు డాక్టరు.

ఊరుకోండి, లోపల పడుకున్న ఆ మనిషి మీదకి తోసెయ్యకండి. అవును, ఆవిడే పెట్టింది ఆ రూలు. భోజనాల దగ్గర ఆఫీసు మాటలొద్దంది. ఎందుకంది? మా శాఖ గొప్పంటే మా శాఖ గొప్పని మనిద్దరం కొట్టుకుని, కంచాలు వదిలేసి లేచిపోయేవాళ్లం కాబట్టి. ఆవిడ భోజనాల దగ్గర వరకే అంది. మనం పడగ్గదిలో, బజార్లో, స్కూటర్ మీద కూడా నోళ్లు కట్టేసుకున్నాం. ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాం.

కమిటీ వేస్తారట, విన్నారా? అన్ని శాఖల వాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, కరెంటు ఎక్కడ పుడుతోంది, ఎక్కడికి పోతోంది, మొత్తం కలిపి చూస్తారట. మనింట్లో బల్ల సరిపోలేదు మరి.

కాస్త జరగండి, నన్నూ కూర్చోనివ్వండి. ఆ కమిటీ ఏదో ఈ ఆసుపత్రి బెంచీ మీదే మొదలెడదాం. చెప్పండి, ఇంకా బస్సులొస్తున్నాయా?

ఎప్పుడూ? వచ్చే నెలా? ఇప్పుడున్నవాటికి రెట్టింపా?

సరే. ఇంక నా వంతు.

ఏటి అవతల పాత బొగ్గు ప్లాంటుంది చూశారూ, మీ డిపోకి కరెంటు అక్కణ్ణుంచే. ఈ ఆసుపత్రికీ అక్కణ్ణుంచే. లోపల అత్తయ్య ముక్కుకి పెట్టిన మిషన్‌కీ అక్కణ్ణుంచే. పొగ తగ్గించాలని దాన్ని మూసేస్తున్నాం. వచ్చే నెలే. దాని బదులు సోలార్ కరెంటు తెచ్చే లైను పక్క సెక్షన్ వాళ్ల పని. అది ఎంతవరకూ వచ్చిందో నేను కనుక్కోలేదు. మూసెయ్యొచ్చని సంతకం పెట్టింది మాత్రం నేనే.

అలా చూడకండి. మీరూ అడగలేదు.